మీకు తెలుసా? పెట్రోల్ ముల్లు ఎందుకు మొండికేస్తుందో

పాత కారు కొన్నవాళ్లు ముందు ఇంజను చూసుకుంటారు, తర్వాత రంగు, ఆ తర్వాత సీట్లు. పెట్రోల్ ముల్లు గుర్తొచ్చేది మాత్రం బండి నడిరోడ్డు మీద ఆగిపోయి, చేతిలో డబ్బాతో బంకు దాకా నడిచిన రోజునే. ఈసారి ఆ ముల్లు గురించే కొన్ని ముచ్చట్లు.

వాల్యూమ్ నాబ్‌కి చుట్టం

డాష్‌బోర్డు మీద మనకు కనిపించే మీటరు ఈ నాటకంలో సగం పాత్రే. మిగతా సగం పెట్రోల్ ట్యాంకులో మునిగి ఉంటుంది. ఒక సన్నటి ఊచ, దాని కొసన తేలే బుడ్డి. అదే ఫ్లోట్. పెట్రోల్ పెరిగితే ఫ్లోట్ లేస్తుంది, తగ్గితే దిగుతుంది. ఊచ రెండో చివర ఒక చిన్న రేకు నాలుక ఉంటుంది. సన్నటి తీగను దగ్గర దగ్గరగా చుట్టిన పట్టీ మీద అది అటూ ఇటూ జారుతుంది. అది జారినకొద్దీ కరెంటుకు అడ్డం పెరగడమో తగ్గడమో జరుగుతుంది. మీటరు ఆ తేడానే ముల్లుగా చూపిస్తుంది. పాత రేడియోలో వాల్యూమ్ నాబ్ పనిచేసేదీ ఇలాగే. దుమ్ము పట్టిన నాబ్ తిప్పితే రేడియో గరగరమంటుంది చూశారా? ట్యాంకులో ఆ పట్టీకి చిలుము పట్టినా అంతే, ముల్లు పూనకం వచ్చినట్టు ఊగుతుంది.

ఒక వైరు, ఒక నిమిషం

మా బాబాయి దగ్గర 1970ల నాటి కారు ఒకటుంది. కంపెనీ పేరెందుకు లెండి, పాపం యాభై ఏళ్లు మోసింది. ఫుల్ ట్యాంకు కొట్టించినా ముల్లు ఖాళీ గీత దగ్గరే కూర్చునేది. మీటరు పోయిందని ఒకాయన తేల్చాడు. డాష్‌బోర్డు ఊడదీశారు, ఎక్కడో వెతికి పాత సామాన్ల కొట్లో ఇంకో మీటరు తెచ్చారు, బిగించారు. ముల్లు అక్కడే. మళ్లీ డాష్‌బోర్డు ఊడదీసే ముందు, ఆటోనగర్‌లో ఒక పెద్ద మేస్త్రీకి చూపిద్దామని నేనే పట్టుబట్టాను.

ఆయన డాష్‌బోర్డు వైపు కన్నెత్తి చూడలేదు. డిక్కీ తెరిచి, కింద పరిచిన పట్టా మడిచి, ట్యాంకు మీదున్న వైరు ఒక్కటి పీకాడు. దాని కొసను ట్యాంకుకు ఎడంగా, గీకి శుభ్రం చేసిన బాడీ ఇనుము మీద ఆనించి పట్టుకున్నాడు.

“తాళం తిప్పి ముల్లు చూడు బాబూ.”

చూశాను. మొదట ఏమీ లేదు. ఓ పది లెక్కపెట్టేసరికి ముల్లు కదిలింది. బడికి లేపిన పిల్లాడిలా బద్ధకంగా లేచి, ఫుల్ దాకా వెళ్లింది.

“వెళ్లింది!”

“అయితే తాళం కట్టేయ్. మీటరు బాగుంది, ఇక్కడి దాకా వైరూ బాగుంది. రోగం ట్యాంకు దగ్గరే.”

బాబాయి ముఖం చూడాలి. మార్పించిన పాత మీటరు ఆ క్షణాన వెనక సీట్లో కాగితంలో చుట్టి ఉంది, నిక్షేపంలాంటి మీటరు.

పాత కార్ల పెట్రోల్ ముల్లుకు ఇంతకు మించిన పరీక్ష లేదు. వైరు పీకితే ముల్లు ఒక కొసకు పోవాలి, ఎర్త్‌కి, అంటే బాడీ ఇనుముకి, ఆనిస్తే రెండో కొసకు పోవాలి. రెండూ జరిగితే మీటరుకూ వైరుకూ నిర్దోషి అని రాసిచ్చేయవచ్చు. ఒక్క జాగ్రత్త. అలా ఆనించి కబుర్లలో పడకూడదు. ముల్లు కొసకు చేరగానే వదిలేయాలి, లేకపోతే మీటరు లోపలి తీగ వేడెక్కి నిజంగానే పోతుంది.

రంగు తెచ్చిన తంటా

ఇంతకీ బాబాయి కారు రోగం ఏమిటి? అంతకు ఆరు నెలల ముందు బండికి రంగు వేయించారు. పనిలో పనిగా ట్యాంకు కూడా దించి, తుప్పు గీకించి, నల్ల రంగు దట్టంగా పూయించారు. పాత కారులో మీటరు నుంచి ట్యాంకుకు వెళ్లేది ఒకే వైరు. కరెంటు తిరిగి బ్యాటరీకి చేరేది కారు ఇనుప ఒంటి మీదుగానే. దాన్నే మేస్త్రీలు బాడీ ఎర్త్ అంటారు. రంగులో కరెంటు పారదు. ట్యాంకుకీ బాడీకీ మధ్య నల్ల రంగు, కింద రబ్బరు ముక్కలు, బోల్టుల కింద మళ్లీ రంగు. ఇక ఆ కరెంటు ఎటు పోవాలి?

మేస్త్రీ ఒక బోల్టు విప్పి, దాని కిందున్న రంగును ఎమరీ కాగితంతో తెల్లగా మెరిసేదాకా రుద్దాడు. జానెడు వైరు తీసుకుని ఒక చివర ట్యాంకు యూనిట్ స్క్రూ కింద, రెండో చివర ఆ బోల్టు కింద బిగించాడు. అంతే పని. టీ చల్లారేలోపు అయిపోయింది. నన్నడిగితే పాత కార్ల కరెంటు జబ్బుల్లో ముందు అనుమానించాల్సింది ఎర్త్‌నే. చవకైన అనుమానం కూడా అదే. బాగా ముస్తాబు చేసిన బండికి ఈ జబ్బు మరీ ఎక్కువ.

అదే పరీక్ష, తిరగబడ్డ జవాబు

బాబాయి కారులో వైరు తెగితే ముల్లు ఖాళీకి పడుతుంది. అమెరికాలో జనరల్ మోటార్స్ వారి పాత కార్లలో సరిగ్గా దీనికి ఎదురు. వైరు తెగితే ముల్లు ఫుల్ దాటి పోతుంది, ఎర్త్‌కి ఆనిస్తే ఖాళీకి దిగుతుంది. అక్కడ ట్యాంకు ఖాళీ అంటే కరెంటుకు అడ్డం సున్నా ఓమ్‌లు. ఫుల్ అంటే 1965కు ముందు బండ్లలో 30, ఆ తర్వాతి వాటిలో 90. ఫోర్డ్, క్రిస్లర్ బండ్లలో తిరకాసు లెక్క. ఖాళీకి 73, ఫుల్‌కి 10. జర్మనీ వీడీఓ మీటర్లలో ఖాళీకి 10, ఫుల్‌కి 180.

అంటే ఒక బండి మీటరును ఇంకో బండి ఫ్లోట్‌కు కలిపితే, పెట్రోల్ తగ్గేకొద్దీ ముల్లు పైకెక్కే విడ్డూరం కూడా చూడొచ్చు. కాబట్టి పాత సామాన్ల కొట్లో ‘ఏదైనా ఒకటే సార్’ అంటే నమ్మకండి. ఖాళీకి ఎన్ని ఓమ్‌లు, ఫుల్‌కి ఎన్ని అని మల్టీమీటరు పెట్టి చూసుకున్నాకే డబ్బులివ్వాలి.

ఎప్పుడూ ఖాళీ చూపించే ముల్లు మనల్ని చికాకు పెడుతుంది, అంతే. ఎప్పుడూ ఫుల్ చూపించే ముల్లు నమ్మించి నడిపిస్తుంది, డబ్బా పట్టించేది అదే.

గెంతే ముల్లు, పాకే ముల్లు

మీ బండిలో ఉన్న మీటరు ఏ రకమో తెలుసుకోవడానికి పానా అక్కర్లేదు. తాళం తిప్పి చూడండి. ముల్లు టక్కున గెంతితే లోపల తీగ చుట్టలున్న రకం. వాటి అయస్కాంత శక్తే ముల్లును లాగుతుంది. మలుపుల్లో ట్యాంకులో పెట్రోల్ అటూ ఇటూ తొణికితే ఈ ముల్లూ దానితోపాటే ఊగుతుంది.

ముల్లు నెమ్మదిగా పాకుతూ లేస్తే అది బైమెటల్ రకం. వేడికి వేర్వేరుగా సాగే రెండు లోహపు రేకుల్ని అతికించి, పైన తీగ చుడతారు. కరెంటు పారి తీగ వేడెక్కితే రేకు వంగుతుంది, ముల్లును నెడుతుంది. వేడెక్కడానికి టైం పడుతుంది కనుక ముల్లుకూ పడుతుంది. ఆ బద్ధకమే దాని గొప్ప. గోతుల రోడ్డు మీద పెట్రోల్ ఎంత ఎగిరిపడినా ముల్లు చలించదు. మన రోడ్లకు ఇంతకన్నా స్థితప్రజ్ఞుడు దొరకడు.

ఇంకో సంగతి. ఇంగ్లండు పాత కార్లు చాలావాటిలో బ్యాటరీ పాజిటివ్ వైపును బాడీకి కలిపేవారు. 1960ల చివరికొచ్చేసరికి అది మారిపోయింది. అలాంటి బండిని ఇప్పటి పద్ధతికి తిప్పినా బైమెటల్ ముల్లుకు ఏ తేడా రాదు. కరెంటు ఎటు నుంచి పారినా వేడి వేడే.

అగ్గిపెట్టె కన్నా చిన్న పెత్తందారు

వేడి మీద ఆధారపడ్డ మీటరుకు ఒక బలహీనత ఉంది. బ్యాటరీ వోల్టేజి మారితే లెక్క మారుతుంది. ఇంజను ఆగి ఉంటే 12 చిల్లర, నడుస్తుంటే 14 దాకా. గేరు మార్చినప్పుడల్లా పెట్రోల్ పెరిగి తగ్గినట్టు కనిపిస్తే ఎలా? అందుకని 1960ల నాటి చాలా ఇంగ్లండు కార్లలో డాష్‌బోర్డు వెనక ఒక రేకు డబ్బీ పెట్టారు. పేరు వోల్టేజి స్టెబిలైజర్. అగ్గిపెట్టె కన్నా చిన్నది. లోపల అదీ బైమెటల్ రేకే. వేడెక్కి కరెంటు ఆపుతుంది, చల్లారి మళ్లీ వదులుతుంది. అలా విడతలు విడతలుగా వదులుతూ సగటున 10 వోల్టులు అందేట్టు చూస్తుంది.

మల్టీమీటరు పెట్టి చూస్తే అంకెలు నిలవవు, ఉండుండి సున్నాకు పడి మళ్లీ లేస్తాయి. కొత్తవాళ్లు ఇది చూసి ‘పోయింది’ అని తీసి పారేస్తారు. అలా గెంతుతుంటేనే అది బతికున్నట్టు!

దీని జబ్బును పట్టడం తేలిక. ఇంజను వేడి చూపే మీటరుకు కూడా కరెంటు ఇక్కడి నుంచే పోతుంది. రెండు ముళ్లూ ఒకేసారి తేడాగా ఉంటే ఈ డబ్బీని అనుమానించాలి. పెట్రోల్ ముల్లు ఒక్కటే తేడా అయితే దీని జోలికి పోనక్కర్లేదు. డబ్బీకి ఎర్త్ తప్పిందంటే లోపలి రేకు వేడెక్కడం మానేస్తుంది, కరెంటును ఆపడమూ మానేస్తుంది. బ్యాటరీ వోల్టేజి అంతా నేరుగా మీటర్లకు పోతుంది. అప్పుడు ఇంజను మరిగిపోతున్నట్టూ ట్యాంకు నిండుగా ఉన్నట్టూ కనిపిస్తుంది. రేడియేటరు బాగుచేయించి వచ్చినా వేడి తగ్గలేదని తల పట్టుకునేవాళ్లు ఒకసారి పెట్రోల్ ముల్లు వైపు కూడా చూడాలి.

కొబ్బరికాయ పరీక్ష

వైరు బాగుంది, ఎర్త్ బాగుంది, అయినా ముల్లు ఖాళీ నుంచి లేవడం లేదు. అప్పుడు ఫ్లోట్‌ను బయటికి తీయాల్సిందే. ముందు బ్యాటరీ వైరు విప్పాలి. చుట్టుపక్కల బీడీ, సిగరెట్, వెలిగే పొయ్యి ఏదీ ఉండకూడదు. కొన్ని బండ్లలో యూనిట్‌ను ఒక రింగు పట్టి ఉంచుతుంది. దాన్ని ఉలీ సుత్తీ పెట్టి కొట్టి తిప్పుతారు కొందరు. ఇనుము మీద ఇనుము పడితే నిప్పురవ్వ ఖాయం. ఇత్తడి ముక్కో గట్టి కర్ర ముక్కో పెట్టి కొట్టాలి.

పాత కార్లలో ఫ్లోట్ బోలు ఇత్తడి బుడ్డి అయితే చెవి దగ్గర పెట్టి ఊపండి, కొబ్బరికాయ కొనేటప్పుడు ఊపినట్టు. కాయలో నీళ్ల చప్పుడు వినపడితే సంతోషిస్తాం. ఇక్కడ వినపడితే మాత్రం ఫ్లోట్ పోయినట్టే. అతుకు దగ్గర వెంట్రుకంత చీలిక పడి, లోపలికి పెట్రోల్ చేరి, బుడ్డి మునిగిపోయిందన్నమాట. చీలిక ఎక్కడో కనిపించకపోతే గిన్నెలో వేడినీళ్లు పోసి ముంచండి. లోపలి గాలి వ్యాకోచించి బుడగలు వస్తాయి. సైకిల్ పంక్చరు షాపులో నీళ్ల తొట్టి విద్యే ఇది. వేడినీళ్లు పొయ్యి మీద నుంచి దించి, ఎడంగా తెచ్చుకున్నవి కావాలి సుమా. లోపలి పెట్రోల్ చుక్క మిగలకుండా పోయి, పూర్తిగా ఆరిన తర్వాతే మాటు వేయించాలి. ఆ తొందరలో ప్రాణం మీదికి తెచ్చుకోవద్దు. కొత్త ఫ్లోట్ దొరికితే మాటు జోలికే పోకుండా అదే వేసుకోవడం నయం.

ఇంకా పాతవాటిలో ఫ్లోట్ బెండుతో చేసేవారు. పెట్రోల్ పీల్చుకోకుండా పైన లక్క పూత. పెట్రోల్ ఆ పూతను ఏమీ చేయదు. ఇథనాల్ మాత్రం కరిగించేస్తుంది. ఇది వడ్రంగికి చెప్పక్కర్లేదు. లక్క బిళ్లల్ని స్పిరిట్‌లో కరిగించే కదా తలుపులకు పాలిష్ వేసేది! ఇప్పుడు మన బంకుల్లో పెట్రోల్‌తో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. ఎనభై ఏళ్లు తేలిన బెండు, పూత పోయి, పెట్రోల్ పీల్చి, ట్యాంకు అడుగున కూర్చుంటుంది. మార్చేదుంటే పెట్రోల్‌నూ ఇథనాల్‌నూ తట్టుకునే గట్టి నురగ ఫ్లోట్లు దొరుకుతున్నాయి, అవే మేలు.

వెండి పట్టీల జబ్బు

2004 వేసవిలో అమెరికాలోని ఫ్లోరిడాలో ఉన్నట్టుండి ఎన్నో కార్ల పెట్రోల్ ముళ్లు అడ్డదిడ్డంగా చూపించాయి. కార్ల తప్పు లేదు. ఒక రిఫైనరీ నుంచి వచ్చిన పెట్రోల్‌లో గంధకం పాలు ఎక్కువైంది. ట్యాంకు లోపల కరెంటు తాకే చోట్ల వెండి వాడతారు. గంధకం తగిలితే వెండి నల్లబడుతుంది. పెట్టెలో దాచిన పట్టీలు నల్లబడేదీ అందుకే. ఆ నల్ల పొర కరెంటును అడ్డుకుంటుంది. పట్టీలైతే కుంకుడు రసంతో తోముకోవచ్చు, ట్యాంకులో చేయి పెట్టేదెలా?

ట్యాంకులో కరెంటా!

ఈ మాట వినగానే చాలామంది ఉలిక్కిపడతారు. పెట్రోల్ ఆవిరి గాలిలో సుమారు 1.4 నుంచి 7.6 శాతం దాకా కలిస్తేనే అంటుకుంటుంది. మూత వేసిన ట్యాంకులో మామూలుగా ఆవిరి అంతకన్నా చాలా చిక్కగా ఉంటుంది, మండడానికి గాలే చాలదు. పైగా అక్కడ పారేది అతి కొద్ది కరెంటు. పెట్రోల్ తీసేసి ఆరబెట్టిన ట్యాంకులోనే ఆవిరి పలచబడి ఆ హద్దుల్లోకి వస్తుంది. అందుకే ‘ఖాళీయే కదా’ అని వెల్డింగు పెట్టిన ట్యాంకులు పేలుతుంటాయి.

ముల్లే లేని రోజుల్లో

1908 నుంచి 1927 దాకా కోటిన్నర పైగా అమ్ముడైన ఫోర్డ్ మోడల్ టి కారులో పెట్రోల్ మీటరు ఉండేది కాదు. చాలా బండ్లలో ట్యాంకు ముందు సీటు కింద. పెట్రోల్ ఎంతుందో చూడాలంటే అందరూ దిగి, సీటు ఎత్తి, మూత విప్పి, గీతలు పెట్టిన కర్ర ముంచాలి. పంపు కూడా లేదు, పెట్రోల్ పల్లానికి పారినట్టు ఇంజనుకు పారాల్సిందే. ట్యాంకు అడుగంటినప్పుడు ఎత్తు ఎక్కితే ముందున్న ఇంజను పైకి లేస్తుంది, పెట్రోల్ అందదు. అప్పుడు బండిని వెనక్కి తిప్పి రివర్సు గేరులో కొండ ఎక్కించేవారు!

దాని తర్వాత వచ్చిన మోడల్ ఎ కారులో ట్యాంకును తెచ్చి అద్దం ముందు, సరిగ్గా డాష్‌బోర్డు వెనక పెట్టారు. ఫ్లోట్ ఊచే నేరుగా అంకెల చక్రాన్ని తిప్పుతుంది. వైరు లేదు, ఎర్త్ లేదు. జబ్బు ఒక్కటే. మీటరు చుట్టూ ఉన్న బిళ్ల ఎండిపోతే పెట్రోల్ మోకాళ్ల మీద కారుతుంది.

1930ల నాటి కొన్ని ఖరీదైన కార్లలో టెలిగేజ్ అని ఒకటుండేది. ట్యాంకు అడుగు నుంచి డాష్‌బోర్డు దాకా సన్నటి గొట్టం, అందులో గాలి. పెట్రోల్ బరువుకు ఆ గాలి నొక్కుకుని, గాజు గొట్టంలో ఎర్ర ద్రవాన్ని పైకి నెడుతుంది. చూడ్డానికి జ్వరం చూసే థర్మామీటరే. గొట్టానికి సూది మొనంత చిల్లు పడితే లెక్క గల్లంతు. ఆ ద్రవం నీటికి దాదాపు మూడు రెట్లు బరువు, పైగా విషం. ఒలికితే చేత్తో తుడవకూడదు.

ఫోక్స్‌వ్యాగన్ బీటిల్‌కు 1962 మోడల్ దాకా మీటరే లేదు. ఇంజను దగ్గుతుంటే కాలి దగ్గరున్న మీట తిప్పాలి, ఇంకో 5 లీటర్ల దాకా వస్తాయి. మనకు ఇది కొత్త కాదు. ‘బండి రిజర్వ్‌లో పడింది’ అంటూ స్కూటరు ఒక పక్కకు వంచి కిక్కు కొట్టిన తరం ఇంకా ఇంటింటా ఉంది.

బంకు ఎటువైపు?

ముల్లు పక్కన పెట్రోల్ పంపు బొమ్మ, దానికో చిన్న బాణం ఉంటుంది చూశారా? ట్యాంకు మూత ఎటుందో చెప్పే ఆ బాణం ఆలోచన ఫోర్డ్ కంపెనీలో పనిచేసిన జిమ్ మోయ్లన్‌ది. 1986లో ఆయన పై అధికారులకు రాసిన చిన్న సూచన అది. పాత బండ్లలో ఆ బాణం ఉండదు, బంకులో దిగి చూసుకోవాల్సిందే.

బాబాయి చీటీ

ముల్లు కదిలినంత మాత్రాన నిజం చెబుతుందని కాదు. సగం గీత అంటే సగం ట్యాంకు అని ఏ పాత కారూ హామీ ఇవ్వదు. ట్యాంకు అడుగున ఇరుకు, పైన వెడల్పు ఉండొచ్చు. ఫ్లోట్ పై అంచుకు తగిలాక ఇంకా పోసినా లేవలేదు. అందుకే ఫుల్ చేయించాక ముల్లు చాలాసేపు కదలదు, తర్వాత గబగబా జారుతుంది. ఊచను కొంచెం వంచి సరిచేయొచ్చు. ఎక్కువ వంచితే ఫ్లోట్ ట్యాంకు అడుగుకో లోపలి అడ్డగోడకో తగిలి ఇరుక్కుంటుంది, మళ్లీ మొదటికొస్తుంది కథ.

బాబాయి ఊచ వంచలేదు. ఒక ఆదివారం ట్యాంకు ఖాళీ చేయించి, బంకులో ఓ పక్కన ఆపుకుని, 5 లీటర్లు పోయించడం, తాళం తిప్పి ఓ నిమిషం ఆగడం, ముల్లు ఎక్కడుందో రాసుకోవడం, మళ్లీ 5 లీటర్లు. బంకు కుర్రాడు నాలుగో విడతకు నవ్వడం మానేసి తనే లెక్క చెప్పడం మొదలుపెట్టాడట. ఆ చీటీ ఇప్పుడు ఎండ తగలకుండా పైన మడిచే అట్ట వెనక అంటించి ఉంది. ‘ముప్పావు – 25. సగం – 15. పావు – 5.’ కింద ఎర్ర సిరాతో, గీత కొట్టి మరీ రాసుకున్నాడు. ‘ఖాళీ అంటే నిజంగానే ఖాళీ.’